ఏకాదశినాటి నీళ్ళు

ఆదోని బస్టాండులో భాగీరథి కళ్ళు తిరిగి సిమెంటు బెంచీ మీద కూలబడింది.

కూలబడుతూ కూడా చేతిలోని డబ్బాను వదల్లేదు. అందులో మంచు సంచుల మధ్య, బరువు తగ్గడానికి వేసుకునే సూదిమందు ఉంది.

ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. "బరువు దిగితే తప్ప ఆపరేషన్ చేయను" అన్నాడు ఎముకల డాక్టరు. ఆయన పంపగా చూసిన ఇంకో డాక్టరు ఈ సూది రాశాడు. వారానికి ఒకసారి, పొట్ట మీద, తనే వేసుకోవాలి. ఆకలి తగ్గుతుంది, కొందరికి వాంతులవుతాయి, నీళ్ళు మాత్రం బాగా తాగాలని మరీ మరీ చెప్పాడు.

ఎమ్మిగనూరులో ఆమె అడిగిన ఏ షాపులోనూ ఆ మందు లేదు. ఈసారి కూడా ఆదోని మందుల షాపాయనే తెప్పించి, ఫ్రిజ్జులో పెట్టి, వచ్చి తీసుకుపొమ్మని ఫోన్ చేశాడు.

పొరపాటు ఆమెదే. మోతాదు పెంచిన వారమే, సూది రోజును దశమికి జరుపుకుంది. ఎలాగూ ఆకలి చంపే మందు, మర్నాటి ఏకాదశి సులువుగా గడిచిపోతుందనుకుంది.

మాధ్వుల ఇంట ఏకాదశి అంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆ సంగతి ఆమె డాక్టరుకు చెప్పనేలేదు. సూదికీ ఉపవాసానికీ సంబంధమేమిటనుకుంది.

తెల్లవారినప్పటి నుంచి వాంతులు. అయినా మందు కోసం బస్సెక్కింది.

"ఏమైంది తల్లీ?"

ఎండకు తలా చెవులూ కలిపి కనుబొమల దాకా తుండుగుడ్డ చుట్టుకున్న పెద్దాయన. కోసిగి బస్సు కోసం నిలబడినవాడు.

"వాంతులప్పా. ఒకటే తిప్పుతాంది."

"నాలిక పిడచకట్టుకపోయింది గదమ్మా. ఉండు."

పోయి నీళ్ళ సీసా కొనుక్కొచ్చాడు.

భాగీరథి ముఖం తిప్పుకుంది. "ఈపొద్దు ఏకాదశి."

"ఒంట్లో బాగలేనోళ్ళకు ఏకాదశి లేదు తల్లీ. తాగు."

"మీకేం తెలుసు ఏకాదశంటే! పెండ్లయి అత్తగారింటికొచ్చినప్పటి నుంచి ఒక్కటి తప్పలేదు నేను. ఇప్పుడు బస్టాండులో కూచోని తప్పల్లనా?"

పెద్దాయనకు కోపం రాలేదు. నవ్వాడు.

"నిజమేలే, నాకేం తెలుసు. ఆ డబ్బాలో ఏముంది?"

"సూది. బరువు తగ్గేదానికి."

"మందేమో లోపల, నీళ్ళేమో బయట. ఎట్ల సరిపోతుంది తల్లీ?"

ఆమె కడుపులో మళ్ళీ దేవింది. బయటికి రావడానికి ఏమీ లేక గొంతు మండింది. చేతులూ కాళ్ళూ చల్లబడుతున్నాయి. ప్రాణం పోతుందేమోనని మొదటిసారి భయం వేసింది. సీసా వైపు చూసింది. చూసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"పాపం తగుల్తుంది" అంది, చిన్నపిల్లలా.

పెద్దాయన కాసేపు సీసాకేసి చూశాడు. మూత తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. సీసా ఎత్తి, పెదవులకు తగలకుండా ఒక గుక్క గొంతులో పోసుకున్నాడు.

"చూడు, నేనూ తాగినా. పాపముంటే ఇద్దరికీ సగం సగం. ఇంక తాగు."

భాగీరథి తాగింది.

"నిదానం తల్లీ, నిదానం" అంటూ పక్కనే నిలబడ్డాడు. ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమెకు సెలైన్ ఎక్కుతుంటే గుమ్మం దగ్గర నుంచే తొంగిచూశాడు.

"నీ డబ్బా ఫ్రిజ్జులో పెట్టమని నర్సమ్మకు చెప్పినా. వస్తా తల్లీ."

పేరు అడిగే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

"నీళ్ళు తాగి మంచిపని చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీల మీదికి వచ్చేది" అన్నాడు డాక్టరు. "ఉపవాసాలుంటే సూది రాసినాయనకు ముందే చెప్పాలి గదమ్మా!"

సూది రాసిన డాక్టరు మోతాదు తగ్గించి, కొన్నాళ్ళకు మళ్ళీ మెల్లగా పెంచాడు. భాగీరథి సూది మానలేదు. ఏకాదశికి నీళ్ళు మానడమే మానింది.

బరువు దిగింది. ఆపరేషన్ అయింది. గోడ పట్టుకోకుండా వంటింట్లోకి నడిచిన రోజు, పొయ్యి ముందు నిలబడి ఆ పెద్దాయనకు దండం పెట్టుకుంది.

"ఎవరో ఏమో" అంది భర్త సేతుమాధవరావుతో. "ఏకాదశని కూడా చూడకుండా నీళ్ళు తాగేసినాడు. ఆచారం లేకుంటేనేం, బంగారంలాంటి మనిషి."

"ఆచారం ఉన్న నేను ఆపొద్దు ఇంట్లో ఫ్యాను కింద పండుకోనుంటి" అన్నాడాయన.

కొన్నాళ్ళకు, సేతుమాధవరావుతో పాటు బడిలో పనిచేసే శ్రీరక్ష తండ్రి పోయాడు. కోసిగిలో వైకుంఠ సమారాధనకు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు.

దండ వేసిన పటం ముందు భాగీరథి నిలబడిపోయింది.

నుదుటన నామం, భుజాల మీద ముద్రలు. కానీ ఆ నవ్వు బస్టాండులో చూసిందే.

"జయతీర్థాచార్ల నిష్ఠ ఇంకెవరికి వస్తుందమ్మా" అంటున్నారెవరో.

శ్రీరక్ష కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉపనయనం అయినప్పటి నుంచి ఏకాదశి నాడు నాయన గొంతు తడుపుకోలేదు. జ్వరమొచ్చినా తడుపుకోలేదు. ఒక్కసారే తాగినాడు, ఆదోని బస్టాండులో. ఎందుకు నాయనా అంటే, 'ఎవరో తల్లి, ఒక్కతే తాగేదానికి భయపడతాంటే తోడు తాగినా' అన్నాడు."