కొండల్ పని

"గా మిషిను నా కొడుకు పొట్ట కొడ్తది, చూస్తుండు అన్నా" అంది అండాలమ్మ, సద్ది గిన్నె ఇంకా దించకముందే.

వాచ్‌మన్ అంతయ్య తలెత్తి చూశాడు. ఎల్బీనగర్‌లో కడుతున్న ఆ అపార్ట్‌మెంటు మీద డ్రోను ఇంకా లేవనే లేదు.

ఆమె కొడుకు కొండల్‌ది ఝూలా పని. తాళ్లకు వేలాడే పలక మీద నిలబడి, బయటి గోడకు నెర్రెలెక్కడున్నాయో చూసి చెప్పాలి. వాడు ఎక్కినప్పుడల్లా పడతాడేమోనని ఆమెకు భయం. ఇప్పుడు ఆ నెర్రెలు డ్రోనే చూసేస్తే ఎక్కే పనే ఉండదేమోనని భయం.

డ్రోను తెచ్చినామె పేరు అరుణజ్యోతి. మాట ఆంధ్ర యాస.

కొండల్ ఆమె పక్కన కూర్చుని ఏదో అడుగుతున్నాడు. మెతకగాడు, తన పని తానే అప్పగిస్తున్నాడనుకుంది తల్లి.

"రండమ్మా, మీరూ చూద్దురుగాని" అంది అరుణజ్యోతి.

"నేను చూసేదేమున్నది" అని అండాలమ్మ మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రమే వెనక కాలనీకి పోయింది. ఆ మిషిను స్నానాల గదుల్లోకి తొంగి చూస్తుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అది నిజం కాదని ఆమెకు తెలుసు.

తెల్లారేసరికి గేటు నిండా ఆడవాళ్లు, వాళ్ల ముందు అండాలమ్మ. గొడవెందుకని ఇంజనీరు డ్రోను వద్దన్నాడు. అరుణజ్యోతి ఎవరినీ ఒక్క మాట అనకుండా పెట్టె సర్దుకుని ఆటో ఎక్కింది. కొండల్ మళ్లీ ఝూలా ఎక్కాడు.

ఆ వారంలోనే తాడు తెగింది.

ప్రాణానికి భయం లేదన్నారు దవాఖానలో. నడుము మాత్రం ఇక ఝూలాకు పనికిరాదన్నారు. తాడు పాతదని ఇంజనీరు ఏదో చెప్పాడు. అండాలమ్మకు మాత్రం అది తన చేత్తో కోసినట్టే ఉంది.

కొండల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి తాగించినా, కాళ్లు పట్టినా ఇటు తిరగలేదు.

దిండు పక్కన ఫోను మోగింది. వాడు ఎత్తలేదు. ఫోను తెర మీద పేరును అండాలమ్మ కూడబలుక్కుని చదివింది.

"గా డ్రోను మేడమా బిడ్డా? నీకెందుకు చేస్తున్నది?"

ఫోను మోగి మోగి ఆగింది. నర్సు వచ్చి సెలైను మార్చి పోయింది. పక్క మంచం వాళ్లు తిని, గిన్నెలు కడుక్కొచ్చుకున్నారు.

"డ్రోను నడుపుడు నాకు నేర్పింది ఆమెనే అమ్మా" అన్నాడు కొండల్, గోడను చూస్తూనే. "నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. మీరు గేటు కాడ ఆపిన పొద్దు, దాన్ని ఎగిరేయాల్సింది నేనే."