చెవిలో ఒక్క మాట

మా ఆచారం ప్రకారం వాకిట్లో వేసిన ఉన్ని గుడారంలో నాన్న శవం దగ్గర నేను ఏడుస్తుంటే బుర్మకాన్ అక్క వచ్చింది. మా ఊరి రికార్డు రూములో ఇరవై ఏళ్లు పనిచేసి, పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో సర్కారు కాల్చి చంపినవాళ్ల ఫైళ్లన్నీ తెరిపిస్తానని ఓట్లడిగి, పార్లమెంటు మెంబరై రాజధాని బిష్కెక్ వెళ్లిన మనిషి.

"నిన్ననే చట్టం పాసైందే. మీ తాతని ఎక్కడ పూడ్చారో ఇందులో ఉంది" అంటూ ఫైలు నా ఒళ్లో పెట్టి భోరుమంది.

నాన్న ఏటా ఆ రికార్డు రూము కౌంటరు ముందు నిలబడి, "ఎక్కడో చెప్పు తల్లీ, గుప్పెడు మట్టి తెచ్చుకుంటా" అని బతిమాలేవాడు. "చట్టం ఒప్పుకోదు బాబాయ్" అనేది అక్క. నేను తిడితే, "పోనీవే, పాపం దానికి మాత్రం ఏం తెలుసు?" అని నాన్నే వెనకేసుకొచ్చేవాడు.

ఫైలు తెరిచాను. గొర్రెల సంత వెనక మిట్ట. ప్రతి ఆదివారం సంతకెళ్లి, నాన్న ఆ మిట్ట మీదే కూర్చుని రొట్టె తినేవాడు.

ఫైలు చదివిన ప్రతివాళ్లూ అట్ట లోపలి కాగితం మీద సంతకం పెట్టాలి. అక్కడ ఒక్కటే సంతకం ఉంది, బుర్మకాన్ అక్కది. తేదీ పద్దెనిమిదేళ్ల కిందటిది.

"చెవిలో ఒక్క మాట చెప్పడానికి చట్టమెందుకక్కా?" అన్నాను.