బేసిన్‌లో ముద్ద

రుచిగంటె ముంచితే చాలు, ఏ దేశంలో ఉన్న వ్యాపారి నాలుకకైనా ఆ రుచి తగులుతుంది. మంగతాయారు తన మొదటి ఎగుమతి కోసం బేసిన్‌లో కలిపిన ఆవకాయలో దాన్ని ముంచింది.

"బాగుందండీ. కానీ ఇలాంటిది చాలామంది పంపుతున్నారు," అన్నాడు ఫిన్లాండు నుంచి మికా, యంత్రం తెలుగు చేసిన గొంతుతో.

ఆమె ఉసూరుమంటూ ఆవకాయ జాడీకెత్తింది. బేసిన్‌కి అంటుకున్న కారంలో వేడన్నం కలిపి, సాయానికొచ్చిన నూకరత్నం చేతిలో ముద్ద పెట్టింది. గంటె బేసిన్‌లోనే ఉండిపోయింది.

"ఇదేంటండీ? ఇదే పంపండి," అన్నాడు మికా ఆత్రంగా.

"ఇది అమ్మేది కాదు బాబూ, పెట్టేది. ఆవకాయ నేను పంపుతాను. వేడన్నం నువ్వు వండి, పక్కింటోళ్లని పిలుచుకో."

తన అంతస్తులో ఎవరుంటారో తనకే తెలియదన్నాడు మికా. తలుపులు తట్టి, ఎందరొస్తారో చూసుకుని ఆర్డరు పెడతానన్నాడు.

మంగతాయారు అప్పుడే పెద్ద జాడీ తుడవసాగింది.