ఉడుతపిల్ల వంకర పళ్లు

వేరుశనగ చేను గట్టున, వేపచెట్టు మొదట్లోని తొర్రలో ఉడుతలు కాపురముండేవి. చుట్టం వస్తే ఇంట్లో చిన్నపిల్లే కాయ కొరికి, పప్పు తీసి చేతిలో పెట్టడం వాళ్ల ఆనవాయితీ.

ఆ రోజు కుందేలు వచ్చింది. ఉడుతపిల్ల చింకి సంబరంగా కాయ నోట్లో పెట్టుకోబోయింది.

"ఇదేంటి వదినా, పిల్లదాని పళ్లు ఇంత వంకరగా ఉన్నాయి?" అంది కుందేలు, అందరి ముందూ.

చింకి తోకతో మూతి కప్పేసుకుని ఓ మూల కూర్చుంది. ఎంత బతిమాలినా మళ్లీ కాయ ముట్టలేదు.

"ఉన్నమాటేగా అన్నాను. నేనేమైనా తప్పు పట్టానా?" అని నొచ్చుకుంది కుందేలు.

"ఉన్నమాటే వదినా. కానీ విని అదిప్పుడేం చేసుకుంటుంది, పన్ను పీక్కుంటుందా?" అంది తల్లి ఉడుత.

కుందేలు లేచి వెళ్లి చింకి పక్కన చతికిలబడింది.

"కొరుకుతుంటే నొప్పి పుడుతుందా తల్లీ?"

"లేదత్తా."

"అయితే నా కాయేది? ఆకలేస్తోంది."

చింకి తోక దించింది. పటుక్కున కాయ కొరికి, పప్పు అత్త చేతిలో పెట్టింది. అత్త నోరారా నవ్వింది. చింకి ఆ పొడుగాటి చెవిని దగ్గరికి లాక్కుని, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"అత్తా, నీ పళ్లలో ఆకు ఇరుక్కుంది. తీసేసుకో."