లైనుకొక బిళ్ళ

"ఇట్లే ఉంటే కిడ్నీలు పోతాయని డాక్టరు చెప్పినాడు కదక్కా! నీళ్ళు బాగా తాగల్ల" అంటూ చంద్రిక కొత్త నీళ్ళ సీసాను బట్టల ఫ్యాక్టరీలో హనుమంతమ్మ కుట్టుమిషను పక్కన పెట్టింది. సీసా మీద చంద్రిక పనిచేసే ఆరోగ్య ప్రచార కంపెనీ బొమ్మ ఉంది.

హనుమంతమ్మ మిషను ఆపలేదు.

"తాగి యాడికి పోవల్ల పాపా? లైనుకంతా ఒకటే బిళ్ళ. అది చేతిలో ఉంటేనే బాత్రూముకు పోనిస్తారు. పొద్దున్నుంచి నా వంతే రాలేదు. ఊరికే లేస్తే రేపట్నుంచి రావద్దంటారు."

"ప్రాణం కంటే పని ఎక్కువా?"

"పని పోతే ప్రాణం ఏం తిని బతుకుతాదమ్మా?"

చంద్రిక సీసాను ఇంకొంచెం దగ్గరికి జరిపింది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంది.

హనుమంతమ్మ తలెత్తి చూసింది. "వచ్చినప్పట్నుంచీ చూస్తాండా, కుదురుగా నిలబడలేకుండా ఉండావు. నువ్వు తాగినావా నీళ్ళు?"

"లేదక్కా. మా కంపెనీకి కొత్తగా ఇంకో రెండు ఫ్యాక్టరీలు వచ్చినాయి. అన్నీ నేనే తిరగల్ల. బస్సుల్లో పోయేదాన్ని, తాగితే యాడ దిగేది? పొద్దున ఇంట్లో పోయిందే, మళ్ళా పోనేలేదు."

అనేశాక, తన మాటలు తనకే వినబడ్డాయి.

అంతలో ముందు మిషను పిల్ల బిళ్ళ తెచ్చి హనుమంతమ్మకు ఇచ్చింది. ఆమె దాన్ని చంద్రిక చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"పోయిరాపో. నేను సాయంత్రం దాకా ఆపుకుంటాలే."

వెనక వరసల్లోని ఆడవాళ్ళంతా ఆ చేతినే చూస్తున్నారు. తిరిగి ఇచ్చేద్దామని చంద్రిక చెయ్యి చాపింది. పిడికిలి మాత్రం తెరుచుకోలేదు.