అక్క మోసిన పిల్లికూన

ఒక పెరట్లో వెండి అనే పిల్లికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది కాటుక, చిన్నది జున్ను.

పిల్లులు కూనల్ని ఏడిళ్ళు తిప్పి పెంచుతాయి. వెండీ తిప్పేది. కానీ ఒక కూనను దింపి రెండోదాని కోసం వెళ్తూ, దారిలో చేపల వాసన తగిలితే అటే పోయేది. అలా రెండుసార్లు జున్ను ఒక్కతే పూటంతా ఆకలితో అటక మీద పడి ఉంది.

మూడోసారి కాటుక ముందే చెప్పింది. "అమ్మా, ముందు చెల్లిని తీసుకెళ్ళు. నేను వెనకే నడిచి వస్తాను."

"నా తెలివి తల్లే!" అని మురిసిపోయి, వెండి జున్నును మెడ పట్టి ఎత్తుకుంది. పెరటి మధ్యకు రాగానే గోడ అవతల చేపల బుట్ట వెళ్తోంది. "ఇప్పుడే వస్తానమ్మా" అంటూ జున్నును అక్కడే దింపి గోడ దూకేసింది.

నీడన పడుకున్న కుక్క లేచింది.

కాటుక పరుగెత్తి చెల్లి మెడ పట్టుకుంది. చెల్లికన్నా పిసరంతే పెద్దది, ఎత్తలేకపోయింది. అయినా వదల్లేదు. వెనక్కి వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోయింది. కుక్క పంజాకు చిక్కేలోపు ఇద్దరూ కట్టెల మోపులో దూరారు.

మోపు మీది కోడిపెట్ట అంది, "ఎంతైనా తల్లి తల్లేనే పిల్లా. ఆమెను ఏమీ అనకు."

"అనను అత్తా. పాలిస్తుంది, నాకుతుంది, అంత ముద్దుచేసేవాళ్ళు మాకు ఇంకెవరున్నారు? కానీ ఆ నీతి కుక్కకు తెలియదుగా! ఇకనుంచి మోసే పని నాది."

సాయంత్రం వెండి మీసాలకు పొలుసులతో వచ్చింది. "నా బంగారాలు!" అంటూ జున్నును ఎత్తబోయింది. జున్ను అమ్మ ముఖాన్ని ప్రేమగా నాకింది. ఆ తర్వాత అక్కవైపు తిరిగి మెడ వంచింది.