ఏస్తేరమ్మ వీధి

ఒక్క నీతిమంతుడు దొరికితే చాలు, వీధికంతటికీ నీళ్ళు వదులుతామని బైబిలు ముందు పెట్టుకుని సర్కారు చట్టం చేసింది. ఆ వీధిలో దొరికింది ఏస్తేరమ్మ ఒక్కతే. ఆమెతో ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. ఏమీ తెలియని మనిషికి అబద్ధమాడే అవసరం రాదు గదా!

ఆదివారం, అబద్ధాన్ని పసిగట్టే సర్కారు పెట్టె గోడమీంచి ఎప్పటిలాగే అడిగింది. “ఏస్తేరమ్మగారూ, మీ వీధిలో అందరూ క్షేమమేనా?”

కోడలు సలోమి ఊపిరి బిగబట్టింది. మొన్న రాత్రి నీళ్ళ దొంగని ఒకణ్ణి వీధివాళ్ళు కొట్టి చంపి కుళాయి వెనకే పూడ్చారు. అత్తకా సంగతి ఎవరూ చెప్పలేదు.

“క్షేమమే బాబూ.”

బయట కుళాయి ఆగిపోయింది. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగారు.

“అతని కేకలు విన్నానమ్మా,” ఏస్తేరమ్మ ఏడ్చింది. “చెబితే పిల్లదానికి నీళ్ళుండవని...”

పెట్టె కాసేపు గరగరలాడి, ముద్దుగా పిలిచింది. “కెజియా తల్లీ, మీ వీధిలో అందరూ క్షేమమేనా?”

బొమ్మతో ఆడుకుంటున్న సలోమి కూతురు తలెత్తి నవ్వింది. “ఆఁ!”

కుళాయి జలజలా పారింది.

“అమ్మా, నానమ్మ ఎందుకేడుస్తోంది?”

సలోమి బిందె తీసుకుని బయటికి నడిచింది.